రెండో కొస

మార్చి 3, ఆదివారం

ఈ రోజు లైబ్రరీ మేడ మీద ముప్పై నలుగురు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికి? నాకు. ఇది నా డైరీ, చదివేదీ నేనే, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అరచేతులు ఎర్రబడేలా కొట్టారు.

కొత్త డైరీ కదా, మొదటి పేజీలో వివరాలన్నీ ఒకసారి రాసి పెడతాను. ఏడుగట్ల నేల అనే రాజ్యం ఏ పటంలోనూ కనపడదు. నాలుగేళ్ళ క్రితం లైబ్రేరియనమ్మ సరదాగా మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం అందరం కలిసి దాన్ని కడుతున్నాం. ఒకరు అక్కడి నదుల గురించి రాస్తారు, ఒకరు యుద్ధాల గురించి, ఒకరు అక్కడి పిల్లల ఆటల గురించి. దూరంగా ఉండి ఉత్తరాలతోనే ఆడేవాళ్ళూ ఉన్నారు. ఆ రాజ్యంలో పన్నెండు ఇళ్ళు, అంటే పెద్ద వంశాలు. తొమ్మిది శ్రేణులు, అంటే ఒక్కో పని చేసేవాళ్ళ సంఘాలు. ఒక్కోదానికీ ఒక ముద్ర. ఆ ఇరవై ఒక్క ముద్రలూ గీసింది, దిద్దింది, ఖాయం చేసింది నేను. నా హోదా ముద్రాధికారి. "అధికారిగారూ, కాఫీ" అని మా ఆయన వెక్కిరిస్తారు గానీ, ఆ పిలుపు నాకు బాగానే ఉంటుంది.

ఈ రోజు ఉప్పు ఇంటి జెండా కట్టాం. ఆ ఇంటి పెద్ద మా పళ్ళ డాక్టరు. తెల్ల గుడ్డ మీద బోర్లించిన నల్ల పడవ. దగ్గరికెళ్ళి చూస్తే పడవకి ఒక మేకు తక్కువ. పూర్వం ఆ ఇంటివాళ్ళెవరో ఒక్క మేకు మిగుల్చుకుందామని చూసి పడవనే ముంచారు, అందుకని. డాక్టరు జెండాని పైకీ కిందకీ చూసి, "మా ఇంటి పరువు తీశారండీ. కానీ ఎంత బాగా తీశారో!" అన్నాడు.

నా నియమాలు మూడు. ముద్రని పది అడుగుల దూరం నుంచి గుర్తుపట్టాలి. రంగులు మూడు దాటకూడదు. ప్రతి ముద్రలోనూ ఒక వెలితి ఉండాలి. తప్పు చేయని ఇల్లు ఉండదు, ఆ తప్పుని ముద్రలోనే చూపించాలి. మిగతా రెండూ ఎవరైనా చెప్తారు, ఈ మూడోది మాత్రం అచ్చంగా నా బుర్రలో పుట్టింది. మా రాజ్యం అందం అంతా అందులోనే ఉందని లైబ్రేరియనమ్మ ఈ రోజు అందరి ముందూ అంది.

నా ముద్రకి మాత్రం వెలితి పెట్టుకోలేదు. నిండు సున్నా, మధ్యలో ఒక కుంచె. తీర్పు చెప్పే చేతికి వెలితి ఉంటే ఎలా?

మార్చి 5, మంగళవారం

పదో శ్రేణి కోసం పోటీ ప్రకటించాం. కవర్లు రావడం మొదలైంది.

మార్చి 9, శనివారం

మధ్యాహ్నమంతా కవర్లు చూస్తూ కూర్చున్నాను. కవరు మీద నంబరే తప్ప పేరుండదు. పేర్లు లైబ్రేరియనమ్మ సొరుగులో తాళం వేసి ఉంటాయి. నాకు పక్షపాతం ఉండకూడదని ఈ ఏర్పాటు చేసింది కూడా నేనే.

నాలుగో నంబరు గడియారాల శ్రేణి, పదకొండు రంగులు. పదో నంబరు పిల్లుల శ్రేణి, అది లెక్కల మాస్టారిదే, ఆ కోడికెలుకుడు రాత ఎక్కడున్నా దొరికిపోతుంది. నవ్వుకుంటూ పందొమ్మిదో నంబరు విప్పాను. ఒళ్ళు మండిపోయింది.

అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"రెండో కొస శ్రేణి. దుప్పటి మడత పెట్టేటప్పుడు అవతలి కొస పట్టుకునేవాళ్ళు, ఒకరు నిచ్చెన ఎక్కితే కింద గట్టిగా పట్టి నిలబడేవాళ్ళు, కొలిచేటప్పుడు టేపు చివర వేలితో నొక్కి ఉంచేవాళ్ళు మా శ్రేణి. మేము దేని మీదా పేరు రాయము. ముద్ర: కలవని సున్నా. వెలితి: అది ముద్రాధికారికి తెలుసు."

పొగరు చూడు! దాని కింద నీలం సిరాతో, కుంచెతో చుట్టిన ఒక సున్నా. పైన చిటికెన వేలంత ఖాళీ.

అది నా దారం లేబుల్. అచ్చు గుద్దినట్టు నాదే. అట్టపెట్టెలు అచ్చేసే ప్రెస్సులో ముప్పై రెండేళ్ళు లేబుళ్ళు గీశాను. సబ్బులకీ అగ్గిపెట్టెలకీ గీసినవి ఎవరికి గుర్తు? దారం కంపెనీకి గీసిన ఆ తెగిన సున్నాకే ఆరేళ్ళ క్రితం బహుమతి వచ్చింది. నలభై సున్నాలు చుట్టి పారేశాను, నలభై ఒకటోది దానంతటదే పడింది. ఆ అసలు బొమ్మ ఫ్రేము కట్టి మా ముందుగదిలో గోడకి ఉంది. దాన్ని ఎవడో ఎత్తుకొచ్చి నాకే పంపుతాడా?

మార్చి 10, ఆదివారం

అందరి ముందూ కవరు ఎత్తి చూపించి, "ఇది దొంగతనం" అన్నాను.

పళ్ళ డాక్టరుకి నోరు ఊరుకోదు. "ఒక సున్నాకి ఇంత గొడవేంటండీ? సున్నా ఎవరైనా చుడతారు కదా."

"మీరు చుట్టండి చూద్దాం" అన్నాను.

ఆయన నిజంగానే బోర్డు మీద చుట్టాడు. అది వంకాయలా వచ్చింది. నవ్వులు.

లైబ్రేరియనమ్మ నవ్వలేదు. "చోరీ రుజువైతే ఆ కవరు పేరు విప్పి, ఆ మనిషిని ఏడుగట్ల నేల నుంచి పంపేయాలి. మళ్ళీ రానివ్వం. మీరే రాసిన నియమం. రుజువు చేయగలరా?"

"ఇరవై నాలుగున అసలు బొమ్మ తెచ్చి పక్కన పెడతాను. మీరే కొలుచుకోండి."

"చేయలేకపోతే?" అన్నాడు డాక్టరు.

"ముద్రల పుస్తకం మీ చేతిలో పెట్టి దిగిపోతాను."

అలా అన్నప్పుడు నా గొంతు ఖంగుమంది. మెట్లు దిగుతుంటే వెనక గుసగుసలు వినపడ్డాయి. అననీ, మాట్లాడుకోనీ. నా పని జోలికొస్తే నేను ఊరుకోనని తెలియాలి.

మార్చి 11, సోమవారం

మా ఆయనకి చెప్పాను. కూరగాయల సంచీ బల్ల మీద పెట్టి టమాటాలు ఒక్కొక్కటే బయటికి తీశారు.

"సున్నా దొంగతనమా? మీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పు, పడీపడీ నవ్వుతుంది."

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"ఊరికే అన్నా."

ఊరికే అనే మనిషి కాదు ఆయన. చెల్లెలు నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. బహుమతి రోజు నేను వేదిక మీద మాట్లాడుతుండగానే మధ్యలో లేచి వెళ్ళిపోయింది. తలనొప్పి అని మా ఆయనతో చెప్పిందట. ఆ తర్వాత ఫోన్ ఎత్తదు, ఇల్లు కూడా మారిపోయింది. దానికి చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. నేనేం చేశానని?

మార్చి 13, బుధవారం

ఎందుకో మెట్ల కింది చోటు గుర్తొచ్చింది. చిన్నప్పటి ఇంట్లో మెట్ల కింద బియ్యం డబ్బా పక్కన మా ఇద్దరికీ ఒక రాజ్యం ఉండేది. నాకు తొమ్మిదేళ్ళు, దానికి ఐదు. అట్టముక్కల మీద చీమల రాజుకీ బల్లి రాణికీ ముద్రలు గీసేవాళ్ళం. దాని సున్నాలు ఎప్పుడూ కలిసేవి కావు. ఎక్కడో ఒకచోట ఖాళీ వదిలేసేది. నేను మొట్టికాయ వేస్తే, "తప్పు కాదక్కా, తలుపు. తలుపు లేకపోతే వాళ్ళు ఇంట్లోకి ఎలా వస్తారు?" అనేది.

చిన్నపిల్ల మాటలు. బొమ్మలు గీసింది నేను, అది రంగులు వేసేది, అంతే.

మార్చి 16, శనివారం

కిటికీ దగ్గర కూర్చుని పందొమ్మిదో నంబరుని భూతద్దం కింద పెట్టాను. ప్రెస్సులో ముప్పై రెండేళ్ళు ఊరికే పనిచేయలేదు.

కుంచె గీతకి మొదలు లావుగా, తడిగా ఉంటుంది. చివర సిరా అయిపోయి వెంట్రుకలు విడిపోతాయి. కుడిచేతివాళ్ళు పైన మొదలుపెట్టి ఎడమవైపుకి దింపుతారు. ఈ సున్నా కుడివైపుకి దిగింది. లావు కొస ఖాళీకి కుడిపక్కన ఉంది, చీలిన కొస ఎడమపక్కన. అంటే దొంగది ఎడమచేతి వాటం!

కాలరెగరేయాలనిపించింది, వేసుకున్నది జాకెట్టు కాబట్టి ఊరుకున్నాను. మా సభ్యుల్లో ఎడమచేత్తో రాసేవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఉత్తరాల మనిషి ఎవరో అయి ఉండాలి. అచ్చయిన లేబుల్ చూసి దింపినట్టున్నారు, దాంట్లో రెండు కొసలూ సమానంగా దిద్దేశాం కదా, ఏ చేయో తెలియదు. ఎడమచేయి అని పట్టుకోవడం నా ఒక్కదానికే సాధ్యం.

చేతి వాటం తేలింది. ఇక అసలు బొమ్మ దింపి ఖాళీ కొలిస్తే పని అయిపోయినట్టే.

మార్చి 18, సోమవారం

మా ఆయన స్టూలు ఎక్కి ఫ్రేము దింపారు, నేను స్టూలు పట్టుకున్నాను. వెనక అట్ట ఊడదీసి బొమ్మ బయటికి తీశాం. ఖాళీ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు! రెండూ పక్కపక్కన పెట్టి మా ఆయనకి చూపించాను. "చూశారా, చూశారా" అన్నాను.

ఆయన కొసల వైపు చూస్తున్నారు.

కొసలు నేను కూడా చూశాను.

మార్చి 19, మంగళవారం

ఈ రోజు రాయడానికేమీ లేదు.

మార్చి 20, బుధవారం

ఆ భూతద్దం పాతది, గీతలు పడింది. కొత్తది కొనాలి.

ఫ్రేము ఇంకా బల్ల మీదే ఉంది. గోడ మీద నాలుగు పలకల తెల్ల మచ్చ మిగిలింది. వచ్చేపోయేటప్పుడు అటే చూపు పోతోంది.

మార్చి 21, గురువారం

కొత్త భూతద్దంలో కూడా అలాగే ఉంది.

నా ఫ్రేములో సున్నా కుడివైపుకే దిగింది. లావు కొస కుడిపక్కన, చీలిన కొస ఎడమపక్కన. నాది కుడిచేయి. అరవై ఒక్క ఏళ్ళుగా కుడిచేయే.

నలభై ఒకటోది దానంతటదే పడింది అని రాశాను. ఈ డైరీలోనే రాశాను. వేదిక మీద కూడా అదే మాట అన్నాను. ఎన్నిసార్లు అన్నానంటే నాకే నిజమైపోయింది.

మా ఆయన్ని అడిగాను. "ఆ సున్నా గీసిన రోజు మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"వంటింట్లో గిన్నెలు తోముతున్నా."

"ఏం చూశారు?"

"అన్నీ నన్నే చెప్పమంటావా?" అన్నారు. మళ్ళీ ఆయనే మెల్లగా అన్నారు, "నువ్వు తల పట్టుకుని కూర్చున్నావు. మీ చెల్లెలు ఏదో కబుర్లు చెప్తూనే నీ చేతిలో కుంచె లాక్కుని ఒక్క చుట్టు చుట్టింది. 'ఇదిగో అక్కా, తలుపు' అంది. నువ్వు 'పర్లేదు' అన్నావు. అది ఊరెళ్ళిపోయాక ఆ సున్నానే లేబుల్ మీద అతికించావు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నువ్వు మర్చిపోయావనుకున్నా. తర్వాత, మర్చిపోలేదేమో అని భయమేసింది. అందుకే అడగలేదు."

పర్లేదు అన్నానట. నలభై ఒకటోది చూసి పర్లేదు అన్నాను. చూసిన క్షణంలోనే తెలుసు నాకు, నా జన్మలో అలాంటి గీత పడదని. ఒక్క చుట్టు, వెనక్కి తిరిగి చూడలేదు, చేయి వణకలేదు. ఈ ఆరేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా దానితో అనలేదు. సిగ్గుగా ఉంది.

వెలితి నియమం కూడా దానిదే. తలుపు అంది ఐదేళ్ళ పిల్ల, దానికి నేను పెద్ద పేరు పెట్టి నాది అనుకున్నాను. పందొమ్మిదో నంబరు ఎవరో ఇంకా కవరు విప్పి చూడాలా?

మార్చి 23, శనివారం

అసలు బొమ్మ తీసుకెళ్ళకుండా అచ్చు లేబుల్ తీసుకెళ్తే చాలు. ఫ్రేము పగిలిందని చెప్పొచ్చు. ఖాళీ కొలత సరిపోతుంది, చోరీ రుజువవుతుంది, పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఎవరికీ తెలియదు. మా ఆయన నోరు మెదపరు, ఆరేళ్ళు మెదపలేదు.

దాని పేరు విప్పుతారు. దాన్ని రాజ్యంలోంచి పంపేస్తారు. రెండోసారి.

పొద్దున్నుంచి లేబులూ ఫ్రేమూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. దిగిపోవడం అంటే నాకు భయంగా ఉంది. ఆ పుస్తకం లేకపోతే ఆదివారాలు నేనెవరిని? పదవీ విరమణ చేసిన ఒక లేబుళ్ళావిడని.

సంచీలో ఫ్రేము పెట్టాను.

మార్చి 24, ఆదివారం

వెళ్ళాను. చెప్పాను.

రెండు సున్నాలూ బల్ల మీద పెట్టి, భూతద్దం పళ్ళ డాక్టరు చేతికిచ్చాను. లావు కొస ఎక్కడుందో, చీలిన కొస ఎక్కడుందో వేలుపెట్టి చూపించాను. వరసలో నిలబడి అందరూ చూశారు. లెక్కల మాస్టారు రెండుసార్లు చూశాడు.

"రెండూ ఒకే చేయి" అన్నాడు డాక్టరు. "అంటే, కొట్టేసింది మీ బొమ్మనే కదా?"

"కాదు. కొట్టేసింది నేను" అన్నాను. "రెండూ మా చెల్లెలి చేయి. బహుమతి బొమ్మ దానిది. ప్రతి ముద్రలో వెలితి ఉండాలన్న మాట దానిది. అది ఐదేళ్ళప్పుడు మెట్ల కింద చెప్పింది. నేను మొట్టికాయ వేసి, తర్వాత నాదని చెప్పుకున్నాను."

ఖంగుమనలేదు గొంతు. కానీ ఆగలేదు కూడా.

ముద్రల పుస్తకం డాక్టరు చేతిలో పెట్టాను. వద్దంటారేమో, బతిమాలతారేమో అని లోపల ఒక ఆశ ఉందని ఒప్పుకుంటాను. ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. "మాటంటే మాటేనండీ. పుస్తకం నేను చూసుకుంటా." పేజీలు తిప్పి, చివరి పేజీలో నా నిండు సున్నా దగ్గర ఆగాడు. "పుస్తకం మొత్తంలో వెలితి లేనిది ఇదొక్కటే. ఇన్నాళ్ళూ అడగడానికి భయమేసిందండీ."

లైబ్రేరియనమ్మ దగ్గర బ్లేడు అడిగాను. నా సున్నా పైభాగంలో చిటికెన వేలంత సిరా గీకేశాను. కాగితం కాస్త లేచింది.

దిగిపోయే ముందు చివరి పనిగా పందొమ్మిదో నంబరుకి ఆమోదపత్రం నేనే రాస్తానన్నాను. పేరు విప్పొద్దన్నాను, నంబరుకే రాస్తానన్నాను. పదో శ్రేణి ఆమోదించబడింది, ఏప్రిల్ ఏడున శ్రేణిపెద్ద వచ్చి జెండా కట్టుకోవాలి, అని పద్ధతి ప్రకారం రాశాను. కింద ఒక్క వాక్యం చేర్చాను. "నలభై ఒకటోది నీది."

క్షమించమని రాయలేదు. అది మొహం మీద చెప్పాల్సిన మాట.

మార్చి 29, శుక్రవారం

పోస్టు రాలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

పోస్టు వచ్చింది, కరెంటు బిల్లు. మా ఆయన గోడ మీది మచ్చ దగ్గర క్యాలెండరు తగిలించబోతే వద్దన్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

వెళ్ళకూడదనుకున్నాను. చీర మార్చుకున్నాక గానీ వెళ్తున్నానని తెలియలేదు.

వెనక వరసలో కూర్చున్నాను. ఏ ఇల్లూ లేదు, ఏ శ్రేణీ లేదు, మెళ్ళో హోదా రాసిన పలక లేదు. పదిన్నర దాటింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. రెండేసి మెట్లు ఎక్కే నడక ఈ లోకంలో ఒక్కరిదే, యాభై ఏడేళ్ళొచ్చినా మారలేదు.

చంకలో మడత పెట్టిన నీలం జెండా. జుట్టు తెల్లబడిపోయింది. అందరినీ చూసింది, నన్ను చూసింది, చూడనట్టే లైబ్రేరియనమ్మ దగ్గరికెళ్ళింది.

"పందొమ్మిదో నంబరు. ప్రకటనలో వెలితి నియమం చదవగానే ఈ అధికారి ఎవరో తెలిసిపోయిందండీ. ఎన్నాళ్ళకి ఒప్పుకుంటుందో చూద్దామని పంపాను."

"శ్రేణికి కనీసం ఇద్దరుండాలమ్మా" అన్నాడు కొత్త ముద్రాధికారి, మొహం చాలా గంభీరంగా పెట్టి. "ఒక్కరితో శ్రేణి కాదు. నియమం."

"ఎవరు పెట్టారండీ ఆ నియమం?"

"పాతావిడ."

"ఆవిడకి నియమాలంటే మహా ఇష్టం లెండి" అంది. స్టూలు లాక్కుని ఎక్కింది. ఎడమచేతిలో సుత్తి, నోట్లో మేకు. జెండా ఒక చివర గోడకి ఆనించి, వెనక్కి తిరగకుండా, మేకు పళ్ళ మధ్య నుంచే అంది.

"అక్కా, ఆ కొస పట్టుకో."

లేచి వెళ్ళి పట్టుకున్నాను. "తప్పు చేశానే" అన్నాను, దానికి మాత్రమే వినపడేలా.

"పైకెత్తు. వంకరగా ఉంది."

"క్షమించవే."

"ఇంకాస్త పైకి." మేకు కొట్టింది. అప్పుడు తిరిగి చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. "పర్లేదు" అంది, అచ్చం నేను ఆ రోజు అన్నట్టే, మూతి తిప్పి. తర్వాత నవ్వింది.

జెండా పూర్తిగా విచ్చుకుంది. పది అడుగులు కాదు, ముప్పై అడుగుల నుంచి కనపడుతుంది ఆ సున్నా. నీలం గుడ్డ మీద తెల్లగా, ఒక్క చుట్టు, పైన తలుపు. అలాంటి గీత గీసే మనిషి నా తోడబుట్టింది. ఇంత గర్వం నాకు బహుమతి రోజు కూడా కలగలేదు.

లైబ్రరీ మేడ మీద అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికి? మా చెల్లెలికి. నేను కొట్టలేదు. నా రెండు చేతుల్లో జెండా కొస ఉంది.